ఇంజిన్ మారింది... ముల్లు మారలేదు!

ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో టార్పాలిన్ కప్పుకుని నిద్రపోతున్న పాత జీపు. బానెట్ మీద కోడిపెట్టలు, సీటు కింద ఎలుకల కాపురం. నంగునూరులో ఇలాంటి జీపు ఒకటి ఉందనుకుందాం. తాత పడుచువాడుగా ఉన్న రోజుల్లో పెట్రోలు బండిగా కొన్నాడు. అది తాగే పెట్రోలుకు ఇల్లు గుల్లవుతోందని కొన్నాళ్లకు దాన్లో డీజిల్ ఇంజిన్ పెట్టించాడు. ఆ సంగతి ఆర్‌సీ బుక్కులోనూ రాయించాడు. సిద్దిపేటకు వడ్ల బస్తాలు మోసింది. పెళ్లిళ్లకు చుట్టాలను మోసింది. బతుకమ్మ పండక్కి ఆడబిడ్డలను పుట్టింటికి తీసుకొచ్చింది. తర్వాత మూలనపడింది.

ఇప్పుడు మనవడు దాన్ని మళ్లీ రోడ్డెక్కిస్తానంటున్నాడు. బ్రేకులు బాగుచేయించాడు. రంగు వేయించాడు. ఇంజిన్ నల్లటి పొగ ఊది, దగ్గి, చివరికి దారిలో పడింది. మిగిలింది డ్యాష్‌బోర్డు. పాత మీటర్ల అద్దాలు మసకబారాయి. ముళ్లు కదలడం మానేసి ఏళ్లయింది. హైదరాబాద్ వెళ్లి తళతళలాడే కొత్త మీటర్ల సెట్టు కొనుక్కొచ్చాడు. పాతవి పీకి, ఉన్న వైర్లనే వాటికి తగిలించాడు. తాళం తిప్పగానే లైట్లు వెలిగాయి. ముళ్లన్నీ లేచాయి.

''చూసినవా తాతా, కొత్త బండి లెక్క అయింది!''

''ముల్లు లేచింది సరే బిడ్డా... నిజం చెప్తున్నదా?''

తాత వేసిన ప్రశ్నే అసలు ప్రశ్న. చచ్చిపోయిన మీటరుతో అంత భయం లేదు. అది పనిచేయదని నడిపేవాడికి తెలుసు కాబట్టి జాగ్రత్తగా ఉంటాడు. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీళ్లు చూస్తాడు. డిప్‌స్టిక్ లాగి ఆయిల్ చూస్తాడు. ట్యాంకులో పుల్ల ముంచి డీజిల్ చూస్తాడు. కొంప ముంచేది అబద్ధం చెప్పే మీటరే. అది ఎర్ర గీతకు ఎక్కడో దూరంగా ముల్లును నిలబెట్టి 'అంతా బాగుంది, పోనీయ్' అంటుంది. లోపల ఇంజిన్ ఉడికిపోతూ ఉంటుంది.

దుబాసీకి భాష రాకపోతే...

చాలామంది అనుకున్నట్టు డ్యాష్‌బోర్డు మీది మీటరు వేడినీ, డీజిల్‌నీ స్వయంగా కొలవదు. అసలు పని చేసేది ఇంజిన్ దగ్గరో ట్యాంకు లోపలో కూర్చున్న చిన్న పరికరం. మెకానిక్కులు దాన్ని సెన్సర్ అంటారు, యూనిట్ అంటారు. వేడి పెరిగినా, ట్యాంకులో మట్టం తగ్గినా దాని గుండా పోయే కరెంటు మారుతుంది. ఆ కరెంటును బట్టి డ్యాష్‌బోర్డులో ముల్లు కదులుతుంది. అంటే మీటరు దుబాసీ లాంటిది. ఇంజిన్ ఒక భాషలో చెబితే మనకు మరో భాషలో వినిపిస్తుంది. దుబాసీకి తమిళం వచ్చు, వచ్చినవాడు బెంగాలీ మాట్లాడుతున్నాడు అనుకోండి. పాపం, దుబాసీ ఊరుకోడు. ఏదో ఒకటి చెబుతాడు!

ఇంజిన్ మార్చిన బండ్లలో జరిగేది ఇదే. ఇంజిన్‌తోపాటు దాని సెన్సర్లు వస్తాయి. ట్యాంకు మాత్రం పాతదే ఉంటుంది. మీటర్లు మూడో కంపెనీవి. ముగ్గురికీ ఒకరి భాష ఒకరికి తెలియదు. వైరు తగిలించగానే ముల్లు కదిలింది కదా అని సంబరపడితే లాభం లేదు. కదలడం వేరు, కరెక్టుగా కదలడం వేరు.

స్పోర్ట్స్ కార్లకూ తప్పని తిప్పలు

ఇదేదో పల్లెటూరి జీపుల గోడు అనుకుంటే పొరపాటు. ఇంగ్లాండులో 1962లో ఎంజీబీ అనే చిన్న స్పోర్ట్స్ కారు వచ్చింది. అందులో 1798 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్. ఆ ఇంజిన్ మనకు పరాయిదేమీ కాదు. దాని అన్నలాంటి 1489 సీసీ ఇంజిన్‌తోనే మన అంబాసిడర్ ఏళ్ల తరబడి రోడ్ల మీద తిరిగింది. రెండూ బీఎంసీ కంపెనీ 'బి సిరీస్' కుటుంబానివే. అంబాసిడర్ కారును చూసి ఎవరూ స్పోర్ట్స్ కారు అనరు గానీ, చుట్టరికం చుట్టరికమే!

ఆ ఎంజీబీలో ఎనిమిది సిలిండర్ల రోవర్ ఇంజిన్ దింపితే ఎలా ఉంటుందని కెన్ కాస్టెలో అనే ఆయనకు ఆలోచన వచ్చింది. ఆ ఇంజిన్ పుట్టుక అమెరికాలో, బ్యూక్ కార్ల కోసం. హక్కులను 1965లో రోవర్ కంపెనీ కొనుక్కుంది. సైజు 3.5 లీటర్లు. అంతా అల్యూమినియం కాబట్టి, పాత ఇనుప ఇంజిన్ కంటే బరువేమీ పెరగదు. 1970 ప్రాంతంలో కాస్టెలో అలాంటి కార్లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అది చూశాక అసలు కంపెనీయే 1973లో ఎనిమిది సిలిండర్ల ఎంజీబీ జీటీని తెచ్చింది. 1976 దాకా 2,591 కార్లు చేసింది. ఇప్పటికీ పాత ఎంజీబీల్లో సొంతంగా ఆ ఇంజిన్ ఎక్కించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల షెడ్లలోనూ చిక్కుముడి ఇదే... ఇంజిన్ కూర్చుంది, మరి మీటర్లు?

మొదటి దెబ్బ తగిలేది ఇంజిన్ చుట్లు చూపించే ఆర్‌పీఎం మీటరుకు. పెట్రోలు బండ్లలో అది స్పార్కులను లెక్కపెట్టి చుట్లు చెబుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్క చుట్టుకు రెండు స్పార్కులు కొడుతుంది. ఆరు సిలిండర్లయితే మూడు. ఎనిమిదయితే నాలుగు. నాలుగు సిలిండర్ల మీటరును అలాగే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌కు తగిలిస్తే నిమిషానికి 2 వేల చుట్లు తిరుగుతున్న ఇంజిన్‌ను 4 వేలని చూపిస్తుంది. నడిపేవాడు హడలిపోయి కాలు తీసేస్తాడు. ఇక్కడ అబద్ధం ఎక్కువ వైపు ఉంది కాబట్టి ఇంజిన్‌కు నష్టం లేదు. అదే తిరగేసి, పెద్ద ఇంజిన్ మీటరును చిన్న ఇంజిన్‌కు పెడితే? ఇంజిన్ 6 వేలు తిరుగుతుంటే ముల్లు 3 వేల దగ్గర నింపాదిగా కూర్చుంటుంది.

మరి మన నంగునూరు డీజిల్ జీపు? డీజిల్ ఇంజిన్‌లో స్పార్కే ఉండదు. కాయిల్ లేదు, ప్లగ్గులు లేవు. మీటరు లెక్కపెట్టడానికి అక్కడ ఏమీ లేదు. అందుకని డీజిల్ బండ్లలో ఆల్టర్నేటర్ వెనక 'డబ్ల్యూ' అని రాసి ఉన్న కొన నుంచి వైరు లాగుతారు. ఆల్టర్నేటర్ తిరిగేకొద్దీ అక్కడ కరెంటు కొట్టుకుంటూ ఉంటుంది. అలాంటి వైరు తీసుకునే డీజిల్ ఆర్‌పీఎం మీటరే కొనాలి. కొన్నాక కూడా ఫ్యాను బెల్టు పుల్లీల సైజును బట్టి దాన్ని సరిచేసుకోవాలి. జీపుకు ఆర్‌పీఎం మీటరు లేకపోయినా బతుకు గడిచిపోతుంది. డ్రైవరు చెవే ఆర్‌పీఎం మీటరు.

ముల్లు పడిపోతే మురిసిపోవద్దు

చెవికి అందనిది వేడి. అన్ని మీటర్లలోకీ నిజం చెప్పి తీరాల్సింది టెంపరేచర్ మీటరు.

చాలా బండ్లలో వేడి సెన్సర్ ఎలా పనిచేస్తుందంటే... చల్లగా ఉన్నప్పుడు కరెంటును గట్టిగా అడ్డుకుంటుంది. వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గించి కరెంటును వదులుతుంది. ఈ అడ్డు ఎంత వేడికి ఎంత ఉండాలన్నది కంపెనీకొక తీరు. కొత్త ఇంజిన్ సెన్సర్ అలాగే ఉంచి, బజారు మీటరు పెడితే 100 డిగ్రీల వేడిని 70 అని చూపించవచ్చు. 70ని 110 అనీ చూపించవచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చెప్పే మొదటి మాట: మీటరుతోపాటు వచ్చిన సెన్సర్‌నే ఇంజిన్‌కు బిగించండి. మర సైజు కుదరకపోతే లేత్ షాపులో ఇత్తడి అడాప్టర్ చేయించుకోవచ్చు. కుదిరిన సెన్సర్ ఏదో ఒకటి పెట్టేయడం మాత్రం వద్దు.

బిగించేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. నీళ్లు కారకుండా మరల మీద నల్లా మేస్త్రీలు చుట్టే తెల్ల టేపు చుడతారు. ఒక చుట్టు చాలదని నాలుగు చుట్లు వేస్తారు. ఒకే వైరు ఉన్న సెన్సర్‌కు రెండో వైరు ఇంజిన్ ఇనుమే. దాన్నే ఎర్త్ అంటారు. టేపు మందంగా చుడితే ఎర్త్ అందదు. ఎర్త్ అందకపోతే ఇంజిన్ ఎంత కాగినా ముల్లు 'చల్లగా ఉంది' దగ్గరే ఉంటుంది. నీటి చుక్క కారకుండా ఆపబోయి ఇంజిన్‌నే కాల్చుకోవడమన్నమాట!

అన్నిటికంటే గుర్తుపెట్టుకోవాల్సింది మరొకటి. సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. ఎక్కడో హోస్ పైపు పగిలి నీళ్లన్నీ పోయాయనుకోండి. సెన్సర్ చుట్టూ గాలి మిగులుతుంది. నీళ్లు చేరవేసినట్టు గాలి వేడిని చేరవేయదు. అప్పుడు ముల్లు పైకి లేవాల్సింది పోయి కిందికి దిగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, బండి నిండా జనం, దారి ఎక్కుడు. ముల్లు ఉన్నట్టుండి పడిపోయింది. 'అమ్మయ్య, చల్లబడింది' అనుకుంటాడు నడిపేవాడు. నిజానికి ఆ క్షణంలోనే బండి ఆపాలి. ఇంకో రెండు కిలోమీటర్లు పోతే హెడ్డు గాస్కెట్ పోతుంది. ఇంకా పోతే పిస్టన్లు పట్టేస్తాయి. ఆపాక కూడా తొందరపడి రేడియేటర్ మూత తీయకూడదు. ప్రెషర్ కుక్కర్ మూతకూ దానికీ తేడా లేదు. లోపల ఆవిరి ఉంటే మొహం మీదికి కొడుతుంది. చల్లారేదాకా చెట్టు కింద కూర్చోవడమే మార్గం.

నిండా పోస్తే ఖాళీ అంది!

డీజిల్ మీటరు కథ నవ్వు తెప్పిస్తుంది. ట్యాంకులో తేలే బుడ్డి ఒకటి ఉంటుంది. మట్టాన్ని బట్టి అది పైకీ కిందికీ కదులుతూ కరెంటుకు అడ్డును మారుస్తుంది. అమెరికా పద్ధతి మీటర్లలో ట్యాంకు ఖాళీగా ఉంటే అడ్డు 240 ఓములు, నిండితే 33 ఓములు. ఐరోపాలో బాగా వాడే వీడీఓ పద్ధతి దీనికి తలకిందులు... ఖాళీకి 10, నిండుకు 180. ఒక పద్ధతి బుడ్డికి మరో పద్ధతి మీటరు జతచేస్తే ట్యాంకు ఎండిపోయినప్పుడు ముల్లు నిండుగా ఉందంటుంది. బంకుకు వెళ్లి నిండా పోయిస్తే దిగాలుగా అడుగుకు జారిపోతుంది. దీనివల్ల ప్రాణం పోదు గానీ, రాత్రిపూట నడిరోడ్డు మీద పరువు పోతుంది. కొనేటప్పుడే డబ్బా మీద ఓముల లెక్క చూసుకుంటే సరి.

పాత ట్యాంకుకు కొత్తగా మందంగా రంగు వేయించినా తిప్పలే. రంగు ఎర్త్‌ను అడ్డుకుంటుంది. ట్యాంకు నుంచి చాసిస్‌కు విడిగా ఒక ఎర్త్ వైరు వేయాలి. ట్యాంకు దగ్గర పని ముట్టుకునే ముందు బ్యాటరీ కొనలు విప్పేయడం తప్పనిసరి. పెట్రోలు బండి అయితే మరీను. చిన్న నిప్పురవ్వ చాలు.

ఆయిల్ ప్రెషర్ మీటరు రెండు రకాలు. ఒకటి వైరుది. రెండోది సన్నటి పైపు ద్వారా ఆయిల్‌నే డ్యాష్‌బోర్డు దాకా తెచ్చేది. రెండోది నమ్మకమైనదే. కానీ ఆ పైపు చీలితే కాగుతున్న ఆయిల్ నడిపేవాడి కాళ్ల మీద పడుతుంది. ఎగ్జాస్ట్‌కు తగలకుండా, రేకు అంచు కోసుకోకుండా రబ్బరు బుష్‌లోంచి పైపును తేవాలి. పాత మీటరు పౌండ్లలో, కొత్తది కిలోల్లో లేదా 'బార్‌'లలో ఉంటుంది. 45 దగ్గర నిలబడే ముల్లు ఇప్పుడు 3 దగ్గర నిలబడిందని గాభరా పడనక్కర్లేదు. రెండూ ఒకటే.

మంట పెట్టే మీటరు

ఇక అసలు దొంగ... యాంపియర్ మీటరు. పాత బండ్లలో ప్లస్, మైనస్ అని రాసి, మధ్యలో ముల్లు ఊగుతూ ఉండేది ఇదే. తతిమ్మా మీటర్లకు వచ్చేది చిటికెడు కరెంటు. దీనికి మాత్రం, సెల్ఫ్ మోటారుది తప్పిస్తే, బండి కరెంటు దాదాపు అంతా దీని కడుపులోంచే పోతుంది. పాతకాలంలో డైనమో ఉండేది. బ్రిటిష్ బండ్లలో బాగా వాడిన ల్యూకాస్ సి40 డైనమో ఇచ్చేది 22 యాంపియర్లు. ఆ కాలానికి ఆ మీటరూ, ఆ వైరూ సరిపోయాయి.

ఇంజిన్ మార్చాక డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది. అది 35, 45, 60 యాంపియర్లు కూడా ఇస్తుంది. పైగా రాత్రి బండి తోలాలని పెద్ద లైట్లు, పాటలకు స్టీరియో, దేవుడి పటానికి రంగురంగుల బల్బులు. అంత కరెంటూ ముప్పై, నలభై ఏళ్ల నాటి సన్నటి వైరులోంచి, వదులైన నట్టులోంచి పోవాలి. వదులు నట్టు దగ్గర వేడి పుడుతుంది. వేడికి నట్టు ఇంకా వదులవుతుంది. ప్లాస్టిక్ కరుగుతుంది. డ్యాష్‌బోర్డు వెనక, కంటికి కనపడని చోట మంట అంటుకుంటుంది. పాత బండ్లలో ఈ వైరుకు చాలాసార్లు ఫ్యూజు కూడా ఉండదు. ముందు సీట్లో చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి మోకాళ్లకు జానెడు దూరంలో ఉండేది ఆ వైరే.

దీనికి మందు సులువే. యాంపియర్ మీటరు బదులు వోల్టు మీటరు పెట్టుకోవడం. అది కరెంటును తనలోంచి పంపదు, పక్కనుంచి చూస్తుంది. తాళం దాటాక ఫ్యూజు నుంచి ఒక సన్న వైరు, ఎర్త్‌కు ఒక వైరు. అంతే! ఇంజిన్ ఆపినప్పుడు బ్యాటరీ బాగుంటే 12.6 దగ్గర, తిరుగుతున్నప్పుడు 14కు అటూ ఇటూ చూపించాలి. బండి నడుస్తుంటే 12 కిందికి జారితే ఛార్జింగ్ లేదని, 15 దాటితే బ్యాటరీ ఉడుకుతోందని అర్థం. పాత యాంపియర్ మీటరుకు వచ్చే రెండు లావు వైర్లను మాత్రం టేపు చుట్టి వదిలేయకూడదు. వాటి బదులు ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి తగినంత లావు వైరు కొత్తగా వేసి, ఫ్యూజు పెట్టాలి.

ఛార్జింగ్ ఎర్రలైటు విషయంలోనూ ఒక మాట. చాలా ఆల్టర్నేటర్లకు ఆ చిన్న బల్బు గుండా వచ్చే కరెంటే తొలి ఊపు. బాగా మెరుస్తుందని దాని బదులు ఎల్‌ఈడీ పెడితే ఆ ఊపు చాలక ఆల్టర్నేటర్ లేవకపోవచ్చు. కొత్త ఆల్టర్నేటర్ పాడైందని షాపువాడితో గొడవ పెట్టుకునే ముందు ఆ బల్బు చూసుకోవడం మంచిది.

6 వోల్టుల కాలం నుంచి...

తొలినాటి విల్లీస్ జీపుల్లో 6 వోల్టుల బ్యాటరీలే ఉండేవి. డీజిల్ ఇంజిన్‌ను తిప్పాలంటే సెల్ఫ్‌కు చాలా బలం కావాలి కాబట్టి 12 వోల్టులకు మార్చేస్తారు. పాత మీటర్లను ముచ్చటపడి అలాగే ఉంచితే, రెట్టింపు కరెంటుకు అవి అతిగా చూపించి చివరికి కాలిపోతాయి. బ్రిటిష్ కార్లలో ఇంకో విడ్డూరం. 1960ల మధ్య దాకా చాలావాటిలో బ్యాటరీ ప్లస్ కొనను బాడీకి కలిపేవాళ్లు. ఇప్పుడంతా మైనస్ ఎర్త్. పాత ప్లస్ ఎర్త్ బండికి ఇవాళ్టి ఎలక్ట్రానిక్ మీటరును చూడకుండా తగిలిస్తే అది ఒక్కసారే పనిచేస్తుంది... పొగ రావడానికి!

కొన్ని కార్లలో మీటర్ల వెనక అగ్గిపెట్టె కంటే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. బ్యాటరీ వోల్టేజీ ఎంత ఊగినా డీజిల్ మీటరుకూ, వేడి మీటరుకూ స్థిరంగా 10 వోల్టుల చొప్పున అందేలా చూడటం దాని పని. కొత్త డ్యాష్‌బోర్డు చెక్కతో చేయించి దానికి ఎర్త్ ఇవ్వడం మరిచిపోతే రెండు ముళ్లూ కలిసి ఎక్కువ చూపిస్తాయి. ఒక్క ముల్లు తప్పితే దాని సెన్సర్‌ను అనుమానించాలి. రెండూ కూడబలుక్కున్నట్టు తప్పితే అనుమానం ఈ డబ్బా మీదికి పోవాలి. ఈ చిన్న చిట్కా తెలియక మంచి సెన్సర్లు ఎన్ని చెత్తబుట్ట పాలయ్యాయో!

ఆర్‌సీ బుక్కు ఏమంటుంది?

మీటర్లు మార్చుకోవడం పెద్ద విషయం కాదు. ఇంజిన్ మార్చడం మాత్రం ఇష్టారాజ్యం కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇదే సంగతిని సుప్రీంకోర్టు 2019 జనవరిలో మరోసారి గట్టిగా చెప్పింది. తాత కాలంలో రాయించుకున్న మార్పు వేరు, ఇవాళ కొత్తగా ఇంజిన్ దింపడం వేరు. ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి, అనుమతి ఉంటేనే స్పానర్ పట్టుకోవాలి. లేదంటే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది ఇంజిన్ నంబరే.

50 ఏళ్లు దాటిన బండ్లకు 'వింటేజ్' గుర్తింపు ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలని షరతు. ఇంజిన్ మార్చిన జీపుకు ఆ వైభోగం దక్కడం కష్టమే. అలాగని పాత మీటర్లను తుక్కు కింద అమ్మేయనక్కర్లేదు. ఓ డబ్బాలో వేసి అటక మీద పెట్టండి. రేపు ఎవరో ఒకరు వాటి కోసమే వెతుక్కుంటూ వస్తారు.

వంటింట్లో పరీక్ష

మళ్లీ నంగునూరుకు వద్దాం. తాత మాట మీద మనవడు మీటర్లన్నీ విప్పాడు. ఈసారి సిద్దిపేట నుంచి ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన్ను పిలిచాడు. ఆయన రాగానే చేసిన మొదటి పని బ్యాటరీ కొనలు విప్పడం. రెండో పని టీ తాగడం. మూడోది, అమ్మను గిన్నెడు మరిగే నీళ్లు అడగడం.

''నీళ్లెందుకు అన్నా?''

''ముల్లుకు పరీక్ష పెడదాం తమ్మీ. బండి మీద ఎక్కించినంక పెడితే ఏం ఫాయిదా?''

అరుగు మీద విడిగా ఒక బ్యాటరీ, మధ్యలో చిన్న ఫ్యూజు, మీటరు, దాని సెన్సర్. సెన్సర్ ఇత్తడి భాగానికి ఎర్త్ వైరు చుట్టి, కొనను నీళ్లలో ముంచాడు. పక్కనే థర్మామీటరు. జ్వరం చూసేది కాదు, వంద డిగ్రీల దాకా చూపించేది. నీళ్లు 90 దగ్గర ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో చూశారు. 80కి దిగాక చూశారు. 60కి చూశారు. పాత ఇంజిన్ సెన్సర్‌తో కూడా అదే పరీక్ష చేశారు. నీళ్లు 90లో ఉంటే ముల్లు 60 కూడా దాటలేదు. మొదటిసారి వైర్లు తగిలించిన సాయంత్రం మనవడు మురిసిపోయింది ఈ ముల్లును చూసే!

డీజిల్ మీటరుకు అంత కష్టం కూడా అక్కర్లేదు. రేడియో సామాన్లు అమ్మే షాపులో చవకగా దొరికే రెసిస్టర్లు రెండు చాలు. మీటరుకు తగినట్టు ఖాళీకి ఒకటి, నిండుకు ఒకటి. బుడ్డి బదులు వాటిని ఒకదాని తర్వాత ఒకటి తగిలిస్తే ముల్లు ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలి. పోతే మీటరు మంచిదే, లోపం ఉంటే ట్యాంకు వైపు చూడాలి.

ఆ తర్వాతే వైరింగ్. ప్రతి వైరుకూ ఒక రంగు, ప్రతి రంగు దేనికో నోటుబుక్కులో ఒక వరుస. పాత బ్రిటిష్ బండ్లలో గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు తాళం నుంచి, ఆకుపచ్చ ఫ్యూజు దాటాక, నలుపు ఎర్త్ అని పద్ధతిగా ఉండేది. మన షెడ్లలో చేతికి దొరికిన రంగే పద్ధతి. పదేళ్ల తర్వాత బాగుచేసేవాడు తిట్టుకోకుండా ఉండాలంటే నోటుబుక్కు ఒక్కటే దిక్కు. మీటర్లన్నిటికీ కలిపి ఒకే చోటుకు గట్టి ఎర్త్, ఇంజిన్‌కూ చాసిస్‌కూ మధ్య లావుపాటి ఎర్త్ పట్టీ, రేకు దాటే ప్రతిచోటా రబ్బరు బుష్. రెండు రోజులు పట్టింది.

మిగిలింది స్పీడోమీటర్. అది గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్‌తో తిరుగుతుంది. గేర్‌బాక్సు మారినా, టైర్ల సైజు మారినా దాని లెక్క తప్పుతుంది. దీనికి రోడ్డే పరీక్ష గది. తెల్లారగట్ల, ట్రాఫిక్ లేనప్పుడు, తాతను పక్కన కూర్చోబెట్టుకుని మనవడు సిద్దిపేట దారి పట్టాడు. ముల్లును కచ్చితంగా 60 మీద నిలబెట్టాడు. నిజంగా 60లో పోతుంటే ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి 60 సెకన్లు పట్టాలి. వాచీ తాత చేతిలో ఉంది.

''రాయి వచ్చింది... చూడు తాతా!''

''అరవై నాలుగు.''

మళ్లీ చూశారు. అరవై నాలుగే. అంటే ముల్లు 60 అన్నప్పుడు బండి పోతున్నది 56. తాత చొక్కా జేబులోంచి పెన్ను తీసి, నోటుబుక్కులో వైర్ల రంగుల కింద ఆ సంగతి కూడా రాశాడు.

''వేడి ముల్లు ఎక్కడున్నది?''

''ఎనభై రెండు.''

''ఇంటికి పోయినంక రేడియేటర్ చల్లారనియ్యి. మూత తీసి నేనే చూస్త'' అన్నాడు తాత.